ఆరు స్తంభాల ఉరుకు

ఈ రోడ్డు పక్క స్తంభాలు సగం నేను పాతినవే.
గూడెప్పాడ్ దాటినంక మలుపుల ఒకటి జర ఒరిగి ఉంటది,
అది నా తప్పే.
ఆనాడు వాన, గుంతల నీళ్లు, కాంట్రాక్టరు తొందర.
ఇరవై ఆరేండ్లు మీదికెక్కి చూసిన తీగెలను
ఇప్పుడు కిందికెల్లి లెక్కవెడుతున్న
హ్యాండిల్ మీద వంగి, కండ్లల్లకు చెమట కారంగ.

కాజీపేటల సదువు ఒడిసి పోతున్న పిలగాడు
ఏడువేలకిచ్చిండు గేర్ల సైకిల్.
హెల్మెట్ ఊకెనే ఇచ్చిండు.
ఆ రాత్రే సబ్‌స్టేషన్ల నోరు జారిన:
ములుగు రోడ్డు చౌరస్త నుంచి గట్టమ్మ దాక
కాలు కింద వెట్టకుండ, రెండు గంటల్ల.
ఓదెలు దాన్ని లాగ్‌బుక్కుల రాసిండు
ఫీడర్ ట్రిప్పయిన టైము కింద, ఎర్ర పెన్నుతోని.

మొదటి ఆదివారం
ఉన్న దమ్మంత ఆరెపల్లిలనే పారవోసిన.
కటాక్షపురం చెరువు కాడ పిక్కలు రాళ్లయినయి.
మిర్చి బస్తాలు దించి ఖాళీగ వోతున్న ట్రాలీ
మల్లంపల్లిదట, నన్నెక్కించుకోలే.
హన్మకొండ దిక్కు వచ్చే ఆటోకు
నాకో కిరాయి, సైకిల్‌కో కిరాయి.

బడిల కాలిన మీటరు మార్చబోతే
పీఈటీ జుబేదా మేడం సాంతం ఇని అన్నది:
"అన్నా, ఉరుకుడు రాక కాదు నువ్వు ఓడింది,
నిమ్మలపడుడు రాక.
ఒక నిమిషం పానం వెట్టి తొక్కు,
రెండు నిమిషాలు గాలికి తిరిగినట్టు తొక్కు.
మల్ల పానం వెట్టు. ఎనిమిది మాట్ల.
వారానికి రెండే దినాలు,
మూడో దినానికి ఆశపడకు."

గడియారం చూస్తే గుంత కనవడది.
అందుకే స్తంభాలు.
ఆరు స్తంభాలు ఉరుకు.
పన్నెండు స్తంభాలు ఊపిరి.

ఆరోదాని కాడ నోట్లె ఇనుము రుచి,
గుండె పాత ట్రాన్స్‌ఫార్మర్ లెక్క గుయ్యిమంటది.
పన్నెండిట్ల మొదటి నాలుగు దగ్గుకే పోతయి.
ఐదోదానికి చెవులు తెరుసుకుంటయి,
ఎవలదో మోటరు, ఎవలదో కోడి.
తొమ్మిదోదానికి నేను మల్ల మనిషిని.

స్తంభమెక్కే ముందు ఎల్సీ తీసుకుంటం మేము.
ఫలానా ఫీడరు బంద్,
నేను దిగి చెప్పేదాక ఎవ్వలు స్విచ్చి ముట్టొద్దని.
ఆగిన కరెంటు మీదనే మా పనంత నడుస్తది.
ఇంత తెలిసినోన్ని,
నా పానానికి ఒక్కనాడు ఎల్సీ ఇయ్యలే.

ఎల్సీ అడగకుండ ఎక్కిండు సదయ్య,
ఒక్క జంపరే గదాని.
ఆ స్తంభం కూడ ఈ దారిలనే ఉన్నది.
ఉరుకుల వచ్చినా, ఊపిరిల వచ్చినా
అక్కడ మెల్లగనే పోత.
మేడంకు ఇది చెప్పలే.

పత్తికట్టె పీకిండ్రు, మిర్చి ఎండింది,
ప్యాంటు రెండు బొక్కలు లోపలికి వొయ్యింది.
జాతర లేని ఏడు, రోడ్డు ఖాళీ.
ఓదెలు ఫోన్ల టైము నొక్కి "పో కాకా" అన్నడు.

ఆత్మకూరు తెల్వకుంట దాటిన.
కటాక్షపురం చెరువు మీద సన్నటి మంచు, ఆగలే.
జాకారం కాడ గంటా నలభై ఎనిమిది.
అప్పుడు గుట్ట.
తలెత్తి చూస్తే స్తంభాలు లేవు.
లైను రోడ్డునిడిచి అడవిలకు అడ్డం వొయ్యింది.
దగ్గరి దారని
నేనే గుంజిన ఆ తీగెను, పన్నెండేండ్ల కింద.
మరిచిన.

ఇగ దేన్ని లెక్కవెట్టాలె?
పెడల్‌కు ఒకటి, ఊపిరికి ఒకటి
లోపట ఏవో స్తంభాలు లేస్తనే ఉన్నయి.
ఉరుకేదో ఊపిరేదో ఎరుకలే,
కాలైతే కింద వెట్టలే.

గట్టమ్మ కాడ లారీకి టెంకాయ కొడుతున్న డ్రైవరు
"కాకా, సైకిల్‌క్కూడ కొట్టన్నా?" అన్నడు.
తల ఊపిన, మాట రాలే.
రెండు గంటల ఒక్క నిమిషం.
ఫోన్ల ఓదెలు, "రెండే రాస్త తియ్ కాకా."
ఉన్నదున్నట్టు రాయమన్న.
ఆ నిమిషం యాడ వొయ్యిందో నాకెరుక.

కొబ్బరి ముక్క నములుకుంట
పన్నెండు స్తంభాలంత సేపు కూసున్న
స్తంభాలు లేని కాడ.